వెనక తలుపు తెరిచేదెవరు

పుల్లయ్య కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే మళ్లీ అదే మాట అడిగాడు. ఇంటి పక్కనే ఉన్న వాళ్ల పత్తి ఫ్యాక్టరీలో నిప్పు పడి ఎనిమిది రోజులైంది. ఈ ఎనిమిది రోజులూ పొద్దున సద్ది దగ్గరా, మధ్యాహ్నం భోజనం దగ్గరా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే.

"వెనక తలుపు బీగం ఎవురు తీసినారు?"

ఆయన భార్య రామలక్ష్మమ్మ పప్పు గరిటె చట్టిలో పెట్టి నెయ్యి కోసం లోపలికి వెళ్లింది. తమ్ముడు నరసింహ కాలిన రెండు చేతులకూ మోచేతుల దాకా గుడ్డలు చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని నోటికి ముద్ద అందిస్తున్న భార్య గంగాదేవి చెయ్యి మధ్యలో ఆగింది. బావ ఎదుట మొగుడికి అన్నం తినిపించడానికి మొదటి రెండు రోజులూ ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. మూడో రోజుకు సిగ్గు పోయింది. ఇప్పుడు బావ మాటలకు ఆ ముద్ద నరసింహ గొంతు దిగడం లేదే అన్నదే ఆమె బాధ.

"ఆ తలుపు తీసుండబట్టే గదన్నా అరవైమంది బతికి బయటపడినారు" అన్నాడు నరసింహ.

"బతికినందుకు నేనేమన్నా ఏడుస్తాండానా? బీగం పగలలేదు. గొళ్లెం వంగలేదు. బీగంచెవి చూస్తే ఇంట్లో మేకుకు తగిలించింది తగిలించినట్టే ఉండాది. అంటే ఈ ఇంట్లో మనిషి తీసినట్టా, కాదా? నిప్పు పడకముందే తీసి పెట్టినట్టా, కాదా? ఎన్ని దినాల నించి నా దూది ఆ తలుపులో నించి పోతాండాదో చెప్పేవాడే లేడు."

ఇంట్లో ఉన్న మగవాళ్లు ఇద్దరు. అందులో ఒకడు అడుగుతున్నాడు. ఇక మిగిలింది ఎవరో వేలు పెట్టి చూపించాల్సిన పని లేదు.

నరసింహ తల తిప్పుకున్నాడు. తను పట్టుకున్న తడి గోనెపట్ట అంటుకుని చేతులు కాలిపోతున్నా వదలకుండా మంటను బాదిన మనిషి అతను. పత్తిలో ఎక్కడి నుంచో వచ్చిన గులకరాయి, గింజలు వేరుచేసే జిన్ను యంత్రానికి తగిలి రవ్వ లేచి దూది గదిలో పడింది. దూది గది కప్పు ఏడు నిమిషాల్లో కూలిపోయింది. జిన్నుల కొట్టం దక్కిందంటే అతని చేతుల పుణ్యమే. ఆ చేతులనే ఇప్పుడు అన్న అనుమానిస్తున్నాడు. గంగాదేవికి ఒళ్లు మండింది. కానీ బావ ముందు ఆమె ఎన్నడూ నోరెత్తలేదు.

పుల్లయ్య లేచి చెయ్యి కడుక్కుంటుంటే నడుము దగ్గర మొలతాడుకు కట్టిన ఆ వెనక తలుపు తాళంచెవి గలగలమంది. నిప్పు పడిన మర్నాటి నుంచీ అది మేకు మీద లేదు. ఆయన స్నానానికి పోయినా, పడుకున్నా ఆయన ఒంటిమీదే ఉంటోంది.

వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆయన ఇంకో మాట అని వెళ్లాడు. కర్నూలు నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గురువారం పది గంటల బస్సులో వస్తాడు. ఆయనకు చూపించాల్సిన కాగితం బుధవారం సాయంత్రానికల్లా తయారు కావాలి. వెనక తలుపు పని వేళల్లో తెరిచే ఉంటుందని రాయాలి.

"తెరిచి ఉంటుందా?" అని నరసింహ అడిగాడు.

పుల్లయ్య అప్పటికే సందులోకి దిగాడు.

కాగితం సంగతి గంగాదేవికి అప్పటికే కంఠతా వచ్చు. పోస్టులో వచ్చిన నోటీసును ఆమే మొగుడికి చదివి వినిపించింది. నిప్పు పడితే పనివాళ్లు ఏ దారిన బయటపడాలో పటం గీయాలి. గంట ఎవరు కొట్టాలో, బయటికి వచ్చినవాళ్లను ఎవరు లెక్క చూసుకోవాలో రాయాలి. ప్రతి తలుపుకూ ఎదురుగా, ఆపదలో దాన్ని తెరిచే మనిషి పేరు రాయాలి. అది నమ్మదగ్గదిగా లేకపోతే ఫ్యాక్టరీ మూసెయ్యాలి. ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి బండ్లు వచ్చి ఆవరణ నిండా నిలబడి ఉన్న రోజులవి. అంతకన్నా ముఖ్యమైన సంగతి నోటీసు అడుగున ఉంది. ఈ ఫ్యాక్టరీకి మేనేజరుగా గవర్నమెంటు దగ్గర ఉన్న పేరు నరసింహది. కాగితంలో అబద్ధముండి రేపు ఎవరైనా కాలి చస్తే, కోర్టు మెట్లెక్కేది అతనే.

నరసింహ కలం పట్టలేడు. కనుక రాయాల్సింది గంగాదేవి.

ఈ గంగాదేవికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. తెలియని సంగతి ఏదైనా కంటపడితే తెలిసేదాకా అన్నం సహించదు. ఓర్వకల్లులో పుట్టింట్లో ఉన్నప్పుడు కొండరాళ్ల మధ్య నీళ్లు ఎక్కడికి పోతాయో చూస్తానని పోయి రెండుసార్లు తప్పిపోయింది. ఎనిమిదో తరగతి దాకా ఆమెకు చదువు చెప్పిన పంతులు, ఈ పిల్ల ప్రశ్నలకు నేను లాంగ్ లీవు పెట్టుకోవాల్సిందేనని ఆమె తండ్రి దగ్గర మొత్తుకున్నాడట. అలాంటి మనిషి చేతికి తెల్లకాగితం ఇచ్చి ఫ్యాక్టరీ పటం గీయమంటే ఊరుకుంటుందా?

నడవాలో చాప మీద కాగితం పరిచి మొగుణ్ణి ప్రశ్నలతో తినేసింది. జిన్నులు ఎన్ని వరసలు? ఏ వరసలో ఎంతమంది? చివరి జిన్ను నుంచి ముందు గేటుకు ఎన్ని అడుగులు? దారిలో ఏమేమి అడ్డం ఉంటాయి? నరసింహ మొదట హుషారుగానే చెప్పాడు. తర్వాత తర్వాత తడుముకున్నాడు. ఆరేళ్లుగా రోజూ తిరుగుతున్న చోట ఎన్ని అడుగులో తనకు తెలియదని ఆ పూటే అతనికి తెలిసింది.

"గంట కొడితే ఆడోళ్లు యాడికి పోతారు?" అని అడిగింది చివరికి.

"యాడికి పోతారు? గేటు కాడికి పోతారు."

"మీరు చూసినారా?"

"లేదు. నిప్పు పడిన దినం అందరూ వెనక తలుపులో నించే పోయినారు. అది తెరిచుండాది కాబట్టి."

"మరి తెరిచి లేకపోతే?"

ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఇద్దరికీ అర్థమైంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఫ్యాక్టరీ గడప తొక్కిన ఆనవాయితీ లేదు. ఇంటికీ దానికీ మధ్య ఒక్క సందే ఉన్నా, పెళ్లయిన నాలుగేళ్లలో గంగాదేవి అటు తొంగిచూడలేదు. కానీ మంగళవారం పుల్లయ్య పత్తి మార్కెట్టుకు పోయాడు. ఆయన బండి మలుపు తిరిగేదాకా ఆగి, నరసింహ పెళ్లాన్ని వెంటబెట్టుకుని సందు దాటాడు. రామలక్ష్మమ్మకు చెప్పే వెళ్లారు. ఆమె వద్దనలేదు. పొమ్మనీ అనలేదు. ఏదో చెప్పబోయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది.

కొట్టంలోకి అడుగు పెట్టగానే గంగాదేవికి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. రెండు వరసల జిన్నులు ఒక్కటిగా అరుస్తున్నాయి. గాలిలో దూది పోగులు తేలుతున్నాయి. అరవై రెండుమంది ఆడవాళ్లు ముక్కుకు పైటలు చుట్టుకుని జిన్నుల్లోకి పత్తి వేస్తున్నారు. ఆమెకు భయం వెయ్యలేదు. సంబరమే కలిగింది. చివరి జిన్ను దాకా నడిచి అక్కడ నుంచి గేటుకు అడుగులు లెక్కపెట్టింది. నూట పద్దెనిమిది. దారిలో పత్తి కుక్కిన గోనె బోరాలు రెండు చోట్ల అడ్డం ఉన్నాయి.

నరసింహ కావలి బసవన్నను పిలిచి, చెప్పాపెట్టకుండా ఆపద గంట కొట్టమన్నాడు. మొగుడి గడియారం పుచ్చుకుని గంగాదేవి గేటు పక్కన నిలబడింది. బసవన్న సుత్తి తీసుకుని, వేలాడుతున్న రైలుపట్టా ముక్కను ఆగకుండా వాయించాడు. జిన్నులు నడిపే ఇంజను ఆగింది.

ఆడవాళ్లు లేచారు. కేకలు పుట్టాయి. చీరలు ఎగదోపుకుని గేటు వైపు ఉరికారు. ఫరవాలేదే, రెండు నిమిషాల్లో అందరూ బయటపడతారే అనుకుంది గంగాదేవి.

అప్పుడు కనిపించింది ఆమెకు. ముందు ఉరికొస్తున్న నడివయసు మనిషి పరుగెత్తుతూనే రెండు చేతులూ తలవెనక్కి పెట్టి కొప్పు విప్పుకుంటోంది. ఆమె వెనక మనిషీ అంతే. ఆ వెనక మనిషీ అంతే. గేటు దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే వరసకట్టి నిలబడ్డారు. పెద్ద గేటు మూసే ఉంది. అందులోని చిన్న దిడ్డి తలుపు ముందు ఉరుకుందమ్మ నిలబడింది. పనయ్యాక పోయేవాళ్లు కొప్పులోనో, రొంటినో దూది దాచుకుపోకుండా సోదా చెయ్యడం ఆమె ఉద్యోగం. మొదటి మనిషి చేతులు చాపింది. ఉరుకుందమ్మ నడుం తడిమి, పైట దులిపి, విప్పిన జుట్టులో వేళ్లు పోనిచ్చి, పొమ్మంది. రెండో మనిషి చేతులు చాపింది.

గంగాదేవికి ముందు నవ్వొచ్చింది. మొగుడి వైపు చూసింది. అతను నవ్వడం లేదు. వరసలో చివరి మనిషి కోసం వెతుకుతున్నాడు. ఆమె మళ్లీ వరస వైపు చూసింది. నిప్పు అని గంట మోగితే, వెనక మంట తరుముకొస్తున్నట్టు పరుగెత్తి వచ్చి, జుట్టు విరబోసుకుని, తన వంతు కోసం నిలబడిన ఆడవాళ్లు. పన్నెండేళ్లుగా రోజూ సాయంత్రం చేస్తున్న పనే అది. కాళ్లూ చేతులూ వాటంతటవే చేసేస్తున్నాయి. ఆమె గడియారం కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

వరసలో చివరి మనిషి దిడ్డి దాటేసరికి గడియారంలో పందొమ్మిది నిమిషాలు గడిచాయి.

"దూది గది కప్పు ఏడు నిమిషాలకు కూలింది" అన్నాడు నరసింహ మెల్లగా.

గంగాదేవి బయటికి వచ్చినవాళ్లను లెక్కపెట్టింది. నలభై మంది. ఇంకోసారి లెక్కపెట్టింది. నలభై మందే. లోపలికి పోయినవాళ్లు అరవై రెండుమంది కదా, తక్కిన వాళ్లు ఏమయ్యారని అడిగితే ఉరుకుందమ్మ కళ్లతో వెనక వైపు చూపించింది.

గంగాదేవి ఖాళీ కొట్టంలోంచి వెనక్కి నడిచింది. అవతల గింజల కొట్టం. పత్తి గింజల రాశుల పక్కన దూలాలకు పాత చీరలతో కట్టిన ఉయ్యాలలు పదకొండు. అన్నీ ఖాళీగా ఊగుతున్నాయి. వెనక గోడకు ఉన్న తలుపు ముందు ఇరవై రెండుమంది గుంపుగా నిలబడి ఉన్నారు. తల్లుల చంకల్లో బిడ్డలు. తక్కినవాళ్లు వాళ్ల అక్కచెల్లెళ్లు, అత్తలు. అందరి మొహాలూ మూసిన తలుపు వైపే ఉన్నాయి.

ఎందుకిటు వచ్చారని అడిగితే సిద్దమ్మ అనే ఆమె ముందుకొచ్చింది. ఏడాది బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు.

"బిడ్డల్ని ఈడ ఇడిసిపెట్టి ఆడికి యాడ పోతాం చిన్నమ్మా?"

అంత తేలిక సంగతి తన పటంలో లేదు. ఆరేళ్ల మేనేజరుకు తట్టలేదు. నోటీసు పంపిన ఇన్‌స్పెక్టరుకూ తెలిసుండదు. గంగాదేవి సిగ్గుపడింది.

"ఆ దినం ఈ తలుపు ఎవురు తీసినారు?" అని అడిగింది.

చూడలేదన్న మాట కూడా ఎవరూ అనలేదు. ఒకామె బిడ్డ తల నిమురుతూ నిలబడింది. ఒకామె పైట సర్దుకుంది. నిజం చెప్పకపోతే పనిలోంచి తీసేస్తానని పుల్లయ్య నిప్పు పడినప్పటి నుంచీ వీళ్లను మూడుసార్లు నిలదీశాడని గంగాదేవికి తెలుసు. అప్పుడూ ఇలాగే నిలబడి ఉంటారు.

"నేనెవురికీ చెప్పను" అందామె.

"మేమూ ఎవురికీ చెప్పమమ్మా" అంది సిద్దమ్మ.

తిరిగి వస్తుంటే ఒక ఉయ్యాల కింద గింజల్లో ఏదో మెరిసింది. వంగి తీసింది. చిన్న వెండి ఉగ్గుగిన్నె. అడుగున రెండు అక్షరాలు చెక్కి ఉన్నాయి. రోజుకు రెండు రూపాయల కూలీ చేసుకునే ఇళ్లలో వెండి గిన్నె ఉండదు. పైగా ఆ అక్షరాలు ఆమెకు తెలుసు. ఇంట్లో ఇత్తడి బిందె మీదా, పెద్ద గంగాళం మీదా రోజూ తోముతూ చూస్తున్నవే. రామలక్ష్మమ్మ పుట్టింటి వాళ్లు పెళ్లిలో పెట్టిన సామాను మీది అక్షరాలు.

గంగాదేవి గిన్నె కొంగులో కట్టుకుంది. మొగుడికి చెప్పలేదు.

మధ్యాహ్నం రామలక్ష్మమ్మ వసారాలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. గంగాదేవి ఎదురుగా కూర్చుని, కొంగుముడి విప్పి గిన్నెను చేటలో పెట్టింది. చేట ఆగిపోయింది.

"నువ్వు ఆడికి పోతాండావంటేనే అనుకున్యా, ఇది నీ కంట పడుతుందని" అంది రామలక్ష్మమ్మ.

"నువ్వా అక్కా?"

ఆమె తలూపింది. తర్వాత ఆగి ఆగి చెప్పుకుంటూ పోయింది. మూడేళ్ల కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, సందులో గోడవతల బిడ్డ ఏడుపు వినపడింది. రెండు గంటల గంట మోగితేగాని తల్లులు జిన్ను దగ్గర నుంచి లేవకూడదు. మొదట కొన్నాళ్లు సందులో నిలబడి ఊరికే వినేది. తర్వాత ఒకరోజు మొగుడు భోంచేసి నడుం వాల్చాక మేకు మీది తాళంచెవి తీసుకుని, ఆ సందులోకే ఉన్న వెనక తలుపు తెరిచి లోపలికి పోయింది. అప్పటి నుంచీ రోజూ పాలో, రాగిజావో కాచి తీసుకుపోయేది. ఆయన లేచేలోపు వచ్చి తాళంచెవి మేకుకు తగిలించేది. నిప్పు పడిన రోజు ఆమె తాళం తీసి లోపలికి అడుగు పెట్టిన గడియకే పొగ కమ్ముకొచ్చింది. చేతికందిన ఇద్దరు బిడ్డలను ఎత్తుకుని బయటపడింది. ఆ కంగారులో తాళం గొళ్లానికే వేలాడింది; తాళంచెవిని మాత్రం ఇంటికి రాగానే అలవాటుగా మేకుకు తగిలించింది. గిన్నె లోపలే పడిపోయింది.

ఆమెకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"గొడ్రాలి కన్ను పడుతుందని మన వాళ్లు సీమంతానికి గూడా నన్ను పిలవరు గంగా. ఆ తల్లులు ఒక్కనాడు వద్దనలేదు. నేను పోయేసరికి ఉయ్యాలల మీది గుడ్డలు తీసి పెట్టుంటారు."

గంగాదేవికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకే తెలియలేదు.

"మరి ఇన్ని దినాల నించి ఆయన్ను దొంగను చేసి మాట్లాడతాంటే ఇని ఊరుకున్నావే అక్కా. కాలిన చేతులతో ఒక్క ముద్ద సక్కంగా తినలేకపోతాండాడే."

రామలక్ష్మమ్మ చేటలో గింజలను వేలితో అటూ ఇటూ జరిపింది. ఈపొద్దు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఉన్నానంది. మీ బావ నన్ను తిడితే పడతాను గాని, ఆ తలుపు స్థానంలో గోడ కట్టించేస్తాడని నా భయం అంది. ఊరంతా తన ఇంటి కొరతను చూసి నవ్విందనుకుంటాడు. అలా అనుకున్నాక ఆయన ఎవరి మాటా వినడు.

"గోడ కట్టిస్తే ఇంగ వాళ్లకు దారే లేదు" అంది. "అందుకే నోరు రాలేదు. నువ్వు చెప్పల్లనుకుంటే చెప్పు. నేను వద్దనను."

గంగాదేవి చెప్తానని అనలేదు, చెప్పనని మాటా ఇవ్వలేదు. తలుపు ఎవరు తెరిచారో తెలుసుకోవాలని ఇన్ని రోజులు తహతహలాడింది. తెలిశాక, మొగుడి పరువు ఒక చేత్తో, పదకొండుమంది బిడ్డల దారి ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ పూట మొదటిసారి ఆమెకు అడగడానికి ప్రశ్నేమీ దొరకలేదు.

బుధవారం దీపాలు పెట్టే వేళకు పుల్లయ్య నడవాలో కుర్చీ వేసుకుని, కాగితం చదవమన్నాడు. నరసింహ పక్కనే స్తంభానికి ఆనుకున్నాడు. గంగాదేవి చాప మీద కూర్చుని, తల దించుకునే చదివింది. మంగళవారం గంట కొట్టిన సంగతి, కొప్పులు విప్పుకున్న సంగతి, పందొమ్మిది నిమిషాల సంగతి నరసింహ చెప్పాడు. పెళ్లాన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోయానని కూడా దాచకుండా చెప్పాడు.

పుల్లయ్య దానికి కళ్లెర్రజేశాడు గాని, పందొమ్మిది నిమిషాలన్న మాట దగ్గర ఆయన చూపు తమ్ముడి చేతుల మీదికి పోయింది. గంట మోగితే సోదా ఉండకూడదని, ఉరుకుందమ్మే ముందు పరుగెత్తి పెద్ద గేటు బార్లా తెరవాలని రాశారు. ఆ రోజు మోపులకొద్దీ దూది ఎత్తుకుపోతారని ఆయన కాసేపు వాదించాడు. కాలిపోయిన దూదికన్నా అది తక్కువేనన్నాడు నరసింహ. పుల్లయ్య సరే, రాయమన్నాడు. బోరాలు దారిలో పెట్టకూడదన్నదానికీ సరేనన్నాడు.

గంగాదేవి ఊపిరి పీల్చుకుని చివరి గళ్లకు వచ్చింది. వెనక తలుపు. దాన్ని తెరిచే మనిషి పేరు.

"పొద్దంతా తెరిచుంటుందని రాయమంటిని గదా" అన్నాడు పుల్లయ్య.

"తెరిచి పెడతావా అన్నా?" అన్నాడు నరసింహ. "పెడతానంటే రాస్తాం. పెట్టకపోతే నా పేరు మీద ఆ మాట రాయనీను. నన్ను దొంగ అనుకుంటే పడినాను. అబద్ధం రాసి ఆ బిడ్డలు కాలిపోతే మాత్రం నేను బతకలేను."

పుల్లయ్య మొహం గట్టిపడింది. నిన్ను దొంగ అని ఎవరన్నారు అని అనలేదు. పొద్దంతా తెరిచి ఉంచడం తన వల్ల కాదని, తాళం ఉండాల్సిందేనని, గంట వినగానే తీసే మనిషిని పెట్టమని అన్నాడు.

"ఎవురిని?" అన్నాడు నరసింహ.

బసవన్నను రాయమన్నాడు. బసవన్న గంట దగ్గర ఉంటాడు. ఉరుకుందమ్మ గేటు దగ్గర ఉంటుంది. అయితే తమ్ముడి పేరు రాయమన్నాడు. నరసింహ కట్లు కట్టిన చేతులు రెండూ ఎత్తి చూపించాడు. పుల్లయ్య అటు చూడలేక, తన పేరే రాయమన్నాడు. వారానికి మూడు రోజులు మార్కెట్టులో ఉండే మనిషి. అది ఆయనకే తెలుసు.

పగలల్లా ఇంటిపట్టునే ఉండాలి. గంట చెవిన పడేంత దగ్గర్లో ఉండాలి. రోజుకో సాకు చెప్పని మనిషి కావాలి. గంగాదేవికి ఆ పేరు తెలుసు. కలం గడి మీద ఆనించి పట్టుకుంది. తల ఎత్తితే తన కళ్లే చెప్పేస్తాయని ఎత్తలేదు. చెప్తే గోడ లేస్తుంది. చెప్పకపోతే మొగుడి మీద మచ్చ మిగులుతుంది. ఇంకు కాగితం మీద చుక్కయి పాకింది.

"నా పేరు రాయి గంగా."

రామలక్ష్మమ్మ వంటింటి గడప దాటి నడవాలోకి వచ్చి నిలబడింది. మగవాళ్లు మాట్లాడుకుంటుంటే ఆమె అలా రావడం ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు. పుల్లయ్య విసుగ్గా చూశాడు.

"నీకేం తెలుసు ఆ తలుపు సంగతి?"

"ఆ బీగం ఊరికే తిప్పితే రాదు. కుడిచేత్తో కొంచెం పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో తిప్పల్ల. వానాకాలమైతే తలుపు కింద పక్క కాలితో నూకల్ల."

పుల్లయ్య చెయ్యి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది. నిప్పు పడిన మర్నాడు తన చేత్తో ఆ తాళం వెయ్యడానికీ తియ్యడానికీ ఆయన పడిన తంటాలు బసవన్న చెప్పగా ఇంట్లో అందరూ విన్నారు. నరసింహ స్తంభం వదిలి నిటారుగా కూర్చున్నాడు. వదిన వైపు చూసి, పెళ్లాం వైపు చూశాడు. గంగాదేవి కాగితం వైపే చూస్తోంది.

"ఎన్నాళ్ల నించి?" అన్నాడు పుల్లయ్య.

"మూడేండ్లు."

"దేనికి?"

"బిడ్డలు ఏడుస్తాంటే."

బయట పత్తి బండ్ల ఎద్దుల మెడగంటలు మోగాయి. ఆయన తిడతాడని గంగాదేవి అనుకుంది. చెయ్యెత్తినా ఎత్తుతాడనుకుని అక్కకు అడ్డం పోవడానికి సిద్ధంగా ఉంది. ఆయన అవేవీ చెయ్యలేదు. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లు తన పక్కనే ఉన్న మనిషిని ఇవాళే చూస్తున్నట్టు చూశాడు.

"ఎంతమంది?"

"పదకొండుమంది."

"పేర్లు తెలుసా?"

"తెలీకుండా ఎట్లుంటాయి" అంది రామలక్ష్మమ్మ. మెల్లగా, ఒక్కొక్కరూ కళ్లముందు ఉన్నట్టుగా మొదలుపెట్టింది. "సిద్దమ్మ కొడుకు ఓబులేసు. ఈరమ్మ కూతురు గురవ్వ. బొజ్జన్న పెండ్లాం లేదూ, వాళ్ల కవలోళ్లు, హనుమక్క, హనుమన్న. ఐదోవాడు తిక్కమ్మ కొడుకు. వానికి ఇంకా పేరు లేదు. నన్నే పెట్టమని నాలుగు నెలల నించి అడుగుతాండారు. నేనేం పెడతానని ఊరుకున్యా."

పుల్లయ్య లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది. ఎవరి వైపూ చూడకుండా, చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటాడు. ఫ్యాక్టరీ వైపు తిరిగాడో, ఊళ్లోకి తిరిగాడో చీకట్లో ఎవరికీ తెలియలేదు. నరసింహ లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

రామలక్ష్మమ్మ కదల్లేదు. ఖాళీ కుర్చీ వైపు చూస్తూనే ఆరో బిడ్డ పేరు చెప్పింది.